విశాఖలో రియల్ ఎస్టేట్ ఏజెంట్‌గా మొదలుపెడదామనుకుంటున్నా, ఉద్యోగం మానేయొచ్చా?

గోపాలపట్నం కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ, ఏడేళ్లయింది. ఇల్లు గోపాలపట్నంలో. పెళ్లయింది, పాపకి రెండేళ్లు. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పాప నిద్ర లేస్తుంది, నేను పడుకుంటాను, సాయంత్రం తను ఆడుకునే టైముకి మళ్లీ బస్సెక్కుతాను. ఇలా ఇంకెన్నాళ్లో అనిపిస్తోంది.

ఏడాదిగా రియల్ ఎస్టేట్ మీద మనసుంది. ఊళ్లో ఎక్కడ నలుగురు కూర్చున్నా ఇదే మాట. భోగాపురం ఎయిర్‌పోర్టు అంటారు, 2025 అక్టోబర్‌లో గూగుల్ డేటా సెంటర్ ప్రకటించినప్పటి నుంచి ఆనందపురం చుట్టుపక్కల రేట్లే మాట్లాడుకుంటున్నారు. నాతో డిగ్రీ చదివిన ఫ్రెండ్ ఒకడు ఆరు నెలల కిందట ఒక కంపెనీలో చేరాడు, నన్నూ రమ్మంటున్నాడు. జీతం ఉండదు. ప్రీలాంచ్ ఫ్లాట్లు అమ్మాలి, అమ్మినదాని మీద 4 శాతం ఇస్తారు, నా కింద ఎవరినైనా చేర్పిస్తే వాళ్ల అమ్మకాల్లో కూడా నాకు కొంత వస్తుంది. మొదటి మీటింగ్‌కి వచ్చేటప్పుడు చుట్టాల్లో, స్నేహితుల్లో డబ్బు పెట్టగలిగినవాళ్లు పదిమంది పేర్లు రాసుకుని రమ్మన్నారు.

నా దగ్గర నాలుగు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా డబ్బు ఉంది. ఇందులో చేరొచ్చా? సొంతంగా మొదలుపెట్టాలంటే ముందు ఏం నేర్చుకోవాలి? రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ఇంకో విషయం, మా మామగారు ఈ మాట విని "బ్రోకర్ పని చేస్తాడని తెలిస్తే పిల్లనిచ్చేవాణ్ణా" అన్నారట. మా ఆవిడ చెప్పి బాధపడింది. అది మనసులోంచి పోవట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మధురవాడ ఏజెంట్:

తమ్ముడూ, ముందు ఉద్యోగం మానకు. నేను 2011 నుంచి మధురవాడ, కొమ్మాది, ఆనందపురం వైపు చేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మొదటి సేల్ డీల్ అవడానికి నాకు అయిదు నెలలు పట్టింది, రెండోదానికి ఇంకో నాలుగు. మధ్యలో ఆషాఢం వచ్చింది, తర్వాత మూఢం అన్నారు, అగ్రిమెంటు దాకా వచ్చిన పార్టీ కూడా మంచిరోజులు రానివ్వండి అని ఆగిపోయింది. అన్నాళ్లూ ఇంటద్దె, పాలవాడు, స్కూలు ఫీజు ఆగవు కదా. నాలుగు నెలల డబ్బుతో దిగితే అయిదో నెలలో చేతికి ఏది దొరికితే అది అమ్మాల్సి వస్తుంది, తప్పులన్నీ అప్పుడే జరుగుతాయి.

ప్రీలాంచ్ అన్నావు, దాని జోలికి పోకు. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు 600 గజాలు దాటిన లేఅవుట్ గానీ, ఎనిమిది దాటి ఫ్లాట్లున్న ప్రాజెక్టు గానీ రెరాలో రిజిస్టర్ అయ్యాకే ప్రకటన ఇవ్వాలి, బుకింగ్ తీసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ రాకముందే జనం దగ్గర డబ్బు వసూలు చేయడమే ప్రీలాంచ్. అన్ని అనుమతులూ ఉన్న ఫ్లాటుకి బ్యాంకు లోను వస్తుంది, కొనేవాళ్లు నలుగుర్ని అడిగి చూసుకుని వాళ్లే వస్తారు. లోను రానిదాన్ని అమ్మాలంటే కాగితాలు అడగకుండా డబ్బిచ్చే మనుషులు కావాలి, చుట్టాలు తప్ప అలా ఎవరిస్తారు? నిన్ను పదిమంది పేర్లు రాసుకు రమ్మన్నది అందుకే.

ఏజెంటుకి కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. రెరా ప్రాజెక్టులో ఒక్క సైటు అమ్మిపెట్టాలన్నా ఉండాలి. లేకుండా చేస్తే రోజుకి 10 వేల చొప్పున జరిమానా, అలా పెరుగుతూ ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. దరఖాస్తు ఏపీ రెరా వెబ్‌సైట్లో పెట్టుకోవచ్చు. అద్దెలు, ఒకరి పాత ఫ్లాటు ఇంకొకరికి ఇప్పించడం లాంటివాటికి మొదట్లో అది లేకపోయినా పని ఆగదు, కానీ ఏడాదిలోపు తీసుకో.

ఇక నేర్చుకోవాల్సింది కాగితం చదవడం. బీరువాలోంచి మీ సొంత ఇంటి దస్తావేజు తీయి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఎవరి దగ్గర్నుంచి ఎవరికి ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకో. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో అదే ఆస్తికి ఈసీ, అంటే దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే సర్టిఫికెట్ తీయి, అందులో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు వెతికించాలి. దస్తావేజులో ఉన్న లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులన్నీ ఈసీలో వరసగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ టిక్కు పెట్టు. ఆ తర్వాత బయటికెళ్లి చూడు, తూర్పు హద్దు ఫలానావారి సైటు అని రాసి ఉంటే ఇప్పుడక్కడ ఎవరున్నారు, రోడ్డు 30 అడుగులని ఉంటే టేపు పెడితే ఎంతొస్తోంది. ఇలా నీ ఇల్లు, మీ బాబాయి ఇల్లు, పక్కింటివాళ్లు ఒప్పుకుంటే వాళ్లదీ, ఒక పది చదివితే పదకొండోదానిలో తేడా నీ కంటికే కొడుతుంది.

ఈసీ క్లియర్‌గా ఉంది కదా అని ఊరుకోకు. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న కేసు అందులో కనపడవు. తండ్రి ఆస్తి కొడుకులు అమ్ముతుంటే ఆడపడుచులు ఎంతమంది అని మొదటి రోజే అడుగు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతుళ్లకీ కొడుకులతో సమానంగా హక్కుంది, ఒక్క చెల్లెలి సంతకం లేక ఏళ్ల తరబడి ఆగిపోయిన సైట్లు నేను చూశాను. 22ఎ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా చూడు. డీ-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకిచ్చినది) అంటే సొంతంగా తేల్చేయకు, తహసీల్దార్ ఆఫీసులో అడుగు, లాయర్ చేత రాయించుకో. మీకు పక్కనే వేపగుంట, అడవివరం ఉన్నాయి, సింహాచలం దేవస్థానం భూముల మీద ఉన్న పంచగ్రామాల సమస్య నీకు నేను చెప్పక్కర్లేదు.

ఒకటి చెప్పి ఆపుతా. ఆనందపురం దాటాక ఒక లేఅవుట్‌కి రిటైరైన ఒక పెద్దాయన్ని తీసుకెళ్లాను. పెద్ద ఆర్చి, తారురోడ్లు, తూర్పు ముఖం మూల సైటు, ఆయనకి చూడగానే నచ్చేసింది. ప్లాను అడిగితే ఆఫీసు కుర్రాడు ఒక జిరాక్సు ఇచ్చాడు, జిరాక్సుకి జిరాక్సు తీసింది, లేఅవుట్ అనుమతి (ఎల్‌పీ) నంబరులో చివరి రెండు అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. అక్కడే అనుమానం వచ్చింది. వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాను సంపాదించి పక్కపక్కన పెట్టి చూస్తే మేము నిలబడి చూసిన మూల అందులో పార్కు. అడ్వాన్సు ఇవ్వడానికి ఆయన అప్పటికే బ్యాంకులో డబ్బు తీసి ఉన్నారు. విషయం చెప్పి ఆ రెండు కాగితాలూ ఆయన చేతికే ఇచ్చేశాను. ఇంకో మాట, ఇటువైపు సైట్లు ఎండాకాలంలో చూస్తే ఒకసారి వాన పడ్డాక కూడా వెళ్లి చూడు. గెడ్డ (వాగు) ఎటు పారుతుందో అప్పుడే తెలుస్తుంది.

కూర్మన్నపాలెం అక్క:

మధురవాడ అన్నయ్య భూముల సంగతి చెప్పారు, నేను అద్దెల గురించి చెప్తా, ఎందుకంటే నువ్వు మొదలుపెట్టాల్సింది అక్కడే తమ్ముడూ. నాకు టైలరింగ్ షాపు ఉండేది. బట్టలు కుట్టించుకోడానికి వచ్చే ఆడవాళ్లే "అక్కా, ఎక్కడైనా రెండు గదుల ఇల్లుంటే చెప్పు" అని అడిగేవారు. ఊరికే చెప్పేదాన్ని. 2018లో ఒకావిడ తనంతట తనే చేతిలో వెయ్యి రూపాయలు పెట్టింది, అప్పుడు తట్టింది నాకు. ఇప్పుడు ఓనర్ దగ్గర పదిహేను రోజుల అద్దె, దిగేవాళ్ల దగ్గర పదిహేను రోజుల అద్దె తీసుకుంటున్నాను, ఏడాదికి నాలుగైదు రీసేల్ ఫ్లాట్లు కూడా చేస్తాను.

అద్దె ఇంటికి వెళ్తే జనం గదులే లెక్కపెడతారు. నా నోట్‌బుక్కులో ఏం రాస్తానంటే, కుళాయి ఎన్ని గంటలకి వస్తుంది, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా, పడమటి ఎండ ఏ గదిలోకి కొడుతుంది, బండి లోపల పెట్టుకోనిస్తారా, గేటు రాత్రి ఎన్నింటికి వేస్తారు, కరెంటు మీటరు విడిగా ఉందా, ఓనరమ్మకి చేపల కూర వాసన పడదా. నైట్ షిఫ్టు చేసేవాడికి గేటు పదింటికి వేసే ఇల్లు చూపిస్తే రెండో నెలకే ఖాళీ చేస్తాడు, ఓనర్ మళ్లీ నన్ను నమ్మడు. నువ్వు షిఫ్టులు చేసినవాడివి, నీకు ఇది నాకంటే బాగా తెలుసు. నీ కంపెనీలో కొత్తగా చేరే కుర్రాళ్లందరికీ గది కావాలి కదా, మీ గోపాలపట్నం, ఎన్ఏడీ వైపు నేవీవాళ్లు కూడా ట్రాన్స్‌ఫర్ల మీద వస్తూనే ఉంటారు. ఆఫ్ రోజుల్లో మీ వీధి నుంచి మొదలుపెట్టి చుట్టూ నాలుగు వీధుల్లో ప్రతి టులెట్ బోర్డూ ఎక్కి చూడు, ఉద్యోగం మానక్కర్లేదు.

రీసేల్ ఫ్లాటుకి వచ్చినప్పుడు మాత్రం లెక్క మొదటి రోజే చెప్పేయాలి. 60 లక్షల ఫ్లాటు అనుకో. బ్యాంకు మహా అయితే 48 లక్షలు ఇస్తుంది, 80 శాతం. మన దగ్గర స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు, అది లోనులో రాదు. చేతిలో పదహారున్నర లక్షలు ఉంటే గానీ ఆ ఇల్లు వాళ్లది కాదు, మన కమీషన్, లాయర్ ఫీజు, ఇంట్లో కప్‌బోర్డులు దానికి పైన. పైగా 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తికి కొనేవాళ్లే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (పన్ను) పట్టుకుని కట్టాలి, చాలామందికి ఈ సంగతి రిజిస్ట్రేషన్ రోజు దాకా తెలియదు. 12 లక్షలున్నాయని వచ్చిన ఒక జంటకి నేనిది ముందు చెప్పలేదు, నా రెండో డీల్ అది. లక్ష రూపాయలు అడ్వాన్సు ఇచ్చేశారు, మిగతాది సర్దలేక వెనక్కి తగ్గారు, ఓనర్ ఆ లక్షలో సగమే తిరిగిచ్చాడు. ఆ అమ్మాయి నా షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ రోజు నుంచి ఇల్లు చూపించకముందే కాగితం మీద లెక్క రాసి చేతికిస్తాను.

కమీషన్ సంగతి నోటిమాట మీద వదలకు. ఇల్లు చూపించడానికి ముందే "ఫలానా తేదీన ఫలానా ఫ్లాటు చూపిస్తున్నాను, డీల్ అయితే నా కమీషన్ ఇంత" అని వాట్సాప్‌లో పెట్టు, సరే అని బదులొచ్చాకే తాళం తీయి. ఓనర్ చెప్పిన రేటు మీద పైన వేసి చెప్పడం నేర్పిస్తారు కొందరు, నేర్చుకోకు. రిజిస్ట్రేషన్ రోజు ఇద్దరూ ఒకే బెంచీ మీద పక్కపక్కనే కూర్చుంటారు, అక్కడ బయటపడిపోతుంది.

మీ మామగారి గురించి. ఆయనకి కోపం కాదు తమ్ముడూ, భయం. కూతురు, మనవరాలు ఏమైపోతారో అని. నువ్వు ఉద్యోగం చేసుకుంటూనే మొదలుపెడుతున్నానని చెప్పు, సగం భయం అక్కడే పోతుంది.

పెదమ్మ కొడుకు:

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. తమ్ముడి ప్రశ్నలో ఆ పదిమంది లిస్టు చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

నేను 2021లో ఇలాంటి కంపెనీలోనే చేరాను, పేరు వద్దు. నా లిస్టులో మొదటి పేరు మా పెదమ్మది. పెదనాన్న పోయాక వచ్చిన డబ్బులో 8 లక్షలు బ్యాంకులో ఉంది ఆవిడ దగ్గర. "నువ్వు చెప్తున్నావు కదా నాన్నా" అంది, అంతే, ఇంకేం అడగలేదు. నేను కూడా ఏమీ అడగలేదు, నిజంగా నమ్మాను, మా మీటింగుల్లో చూపించిన బొమ్మలు అంత బాగుండేవి. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ అగ్రిమెంటు రాయకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెదమ్మకి ఇచ్చింది ఒక రసీదు. ఫ్లాటు నంబరు లేదు, రెరా నంబరు లేదు, "అడ్వాన్స్ టువర్డ్స్ అపార్ట్‌మెంట్" అని ఒక లైను, కింద గుండ్రటి స్టాంపు, సంతకం ఎవరిదో కూడా తెలియదు.

ఆ స్థలంలో ఇవాళ్టికీ పునాది పడలేదు. 2023లో ఆఫీసు మూసేశారు, ఫోన్లు ఎత్తరు. నాకు వచ్చిన కమీషన్ 32 వేలు, అది అప్పుడే పెదమ్మకి ఇచ్చేశాను, మిగతాది నెలకి 10 వేల చొప్పున కడుతున్నాను. వద్దంటుంది, అయినా కడుతున్నా. ఫిర్యాదు ఇచ్చాం, నడుస్తోంది. ఆ రసీదు ఆవిడ ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి గదిలో గ్యాస్ పుస్తకం పక్కన ఉంచింది. నేను వెళ్లినప్పుడల్లా కాఫీ ఇస్తుంది, దాని గురించి ఒక్క మాట ఎత్తదు. ఎత్తి తిడితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

నువ్వు ఆ మీటింగ్‌కి వెళ్లకు తమ్ముడూ. మీ ఫ్రెండ్‌ని కూడా వీలైతే బయటికి తీసుకురా, వాడు చెడ్డవాడై నిన్ను పిలవలేదు, నాలాగే నమ్మి ఉంటాడు. వాణ్ణి ఒక్కటే అడుగు, ఆ ప్రాజెక్టు రెరా నంబరు ఎంతని. చెప్పగలిగితే ఏపీ రెరా సైట్లో కొట్టి చూసుకోండి ఇద్దరూ.

గోపాలపట్నం కుర్రాడు:

అన్నయ్యలకీ అక్కకీ చాలా థాంక్స్. నిన్న రాత్రి బ్రేక్ టైములో ఇవన్నీ మళ్లీ చదివాను. ఫ్రెండ్‌కి ఫోన్ చేసి రెరా నంబరు అడిగాను, కనుక్కుని చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు. మీటింగ్‌కి రానని చెప్పేశాను. వాడికి పెదమ్మ కొడుకు అన్నయ్య రాసింది పంపించాను, చూశాడు, బదులు ఇవ్వలేదు. ఈ ఆదివారం వాడింటికే వెళ్తాను.

ఉద్యోగం మానట్లేదు. మొన్న ఆఫ్ రోజు మా ఇంటి దస్తావేజు తీసి కూర్చున్నాను. నాన్న 1994లో కొన్నది, 150 గజాలు. ఈసీ తీశాను, అందులో కొలత సరిగ్గానే ఉంది, కానీ దస్తావేజులో ఉత్తరం హద్దు "గెడ్డ" అని ఉంది, ఇప్పుడక్కడ సిమెంటు రోడ్డు, దాని కింద కాలువ. ఇది తేడానా, మామూలేనా? ఎవర్ని అడగాలి? ఇంకా మా లింకు డాక్యుమెంటులో భూమి సెంట్లలో ఉంది, గజాల్లోకి మార్చుకోవడం తెలియక ఆగిపోయాను.

మధురవాడ ఏజెంట్:

సెంటుకి 48.4 గజాలు, ఎకరానికి 4840. ఇది ఫోన్ చూడకుండా చెప్పగలగాలి. గెడ్డ మీద రోడ్డు పడటం మన ఊళ్లో చాలాచోట్ల ఉంది, కానీ మీ గోడ గెడ్డ స్థలంలోకి జరిగిందో లేదో సర్వే ఎఫ్‌ఎంబీ స్కెచ్చితో, అంటే సర్వేవాళ్ల కొలతల పటంతో పోల్చి చూడాలి. ఆ స్కెచ్చి చదవడం ఒకసారి పక్కన కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది. నాకు తెలిసిన డాక్యుమెంట్ రైటర్ ఒకాయన ఉన్నారు, ముప్పై ఏళ్లుగా అదే పని, ఓపిగ్గా చెప్తారు. మామూలు రోజుల్లో ఆయన తల ఎత్తడానికి కూడా తీరిక ఉండదు. వచ్చే అమావాస్య నాడు రా, ఆ రోజు రిజిస్ట్రేషన్లకి ఎవరూ రారు, ఆయన ఖాళీగా ఉంటారు. దస్తావేజు ఒరిజినల్ తేకు, జిరాక్సు చాలు. స్కేలు ఒకటి తెచ్చుకో.